బెర్నార్డో హౌసే

బెర్నార్డో ఆల్బెర్టో హౌసే (ఏప్రిల్ 10, 1887 - సెప్టెంబరు 21, 1971) అర్జెంటీనా దేశానికి చెందిన సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త, వైద్యుడు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) స్రవించే హార్మోనులకు శరీరంలోని చక్కెర జీవక్రియతో గల సంబంధాన్ని నిరూపించినందుకు 1947లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరపు బహుమతిలో సగభాగం హౌసేకు, మిగిలిన సగభాగం కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులకు ఇవ్వబడింది. విజ్ఞానశాస్త్ర విభాగాలలో నోబెల్ బహుమతి పొందిన మొట్టమొదటి లాటిన్ అమెరికా వాసి హౌసే. పరిశోధనా సంప్రదాయం అంతగా లేని దేశంలో ఉండి, ప్రభుత్వ ఆగ్రహానికి గురై విశ్వవిద్యాలయ పదవిని కోల్పోయినప్పటికీ, స్వదేశాన్ని విడిచిపెట్టక పరిశోధనను కొనసాగించిన శాస్త్రవేత్తగా ఆయన చరిత్రలో నిలిచాడు.

బాల్యము, విద్యాభ్యాసము

హౌసే 1887 ఏప్రిల్ 10వ తేదీన అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఆల్బెర్టో హౌసే, క్లారా లాఫాన్ట్ ఫ్రాన్సు నుండి వచ్చి అర్జెంటీనాలో స్థిరపడినవారు. తండ్రి న్యాయవాది. ఆ దంపతుల ఎనిమిదిమంది సంతానంలో బెర్నార్డో ఒకడు.

చిన్ననాటి నుండి చదువులో అసాధారణమైన వేగం కనబరచిన హౌసే తన 14వ ఏటనే బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలోని ఔషధశాస్త్ర విభాగంలో ప్రవేశించాడు. 1904లో, 17 ఏళ్ళ వయసులో పట్టా పుచ్చుకున్నాడు. అదే సంవత్సరం వైద్యవిద్యను ప్రారంభించాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే శరీరధర్మ శాస్త్ర విభాగంలో సహాయకుడిగా చేరి ప్రయోగాలు మొదలుపెట్టాడు. పీయూష గ్రంథి నుండి తీసిన రసాలు శరీరంపై చూపే ప్రభావాన్ని గురించి సిద్ధాంత వ్యాసం సమర్పించి 1911లో వైద్యశాస్త్రంలో డాక్టరేట్ పొందాడు. ఈ వ్యాసానికి విశ్వవిద్యాలయం బహుమతి ఇచ్చింది. 24 ఏళ్ళ వయసులో ఎంచుకున్న ఈ గ్రంథియే ఆ తరువాత ఆరు దశాబ్దాల పాటు ఆయన పరిశోధనకు కేంద్రమయినది.

వృత్తి జీవితము

వైద్యపట్టా చేతికి రాకముందే, 1910లో, హౌసే విశ్వవిద్యాలయపు పశువైద్య విభాగంలో శరీరధర్మ శాస్త్ర ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. దీనితోపాటు కొంతకాలం సొంతంగా వైద్యవృత్తి చేశాడు. 1913లో అల్వియర్ ఆసుపత్రిలో ముఖ్య వైద్యుడయ్యాడు. 1915 నుండి జాతీయ ప్రజారోగ్య ప్రయోగశాలలలో ప్రయోగాత్మక వ్యాధిశాస్త్ర విభాగానికి అధిపతిగా పనిచేస్తూ పాములు, సాలెపురుగులు మొదలైన విషజంతువుల విషాలపైన, వాటికి విరుగుడు సీరములపైన పరిశోధనలు చేశాడు.

1919లో బ్యూనస్ ఎయిర్స్ వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్ర పీఠానికి ఆచార్యుడిగా ఎన్నికయ్యాడు. ఆ కాలంలో అర్జెంటీనాలో వైద్య కళాశాల ఆచార్యులు చాలామంది ఆసుపత్రులలోనో, సొంత వైద్యశాలలలోనో పని చేసుకుంటూ, కొద్ది గంటలు మాత్రమే పాఠాలు చెప్పేవారు. హౌసే వైద్యవృత్తిని మానివేసి తన కాలాన్ని పూర్తిగా బోధనకు, పరిశోధనకు కేటాయించాడు. పాఠశాలగా ఉన్న తన విభాగాన్ని ప్రయోగశాలగా మార్చి శరీరధర్మ శాస్త్ర సంస్థను నెలకొల్పాడు. 1943 వరకు ఆయన నాయకత్వంలో నడిచిన ఈ సంస్థ ప్రపంచంలోని ప్రముఖ శరీరధర్మ పరిశోధనా కేంద్రాలలో ఒకటిగా పేరు పొందింది.

1920లో రసాయన శాస్త్రం చదివిన మారియా ఆంజెలికా కటాన్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి ముగ్గురు కుమారులు. ముగ్గురూ వైద్యులయ్యారు.

పరిశోధనల నేపథ్యము

హౌసే పరిశోధనల ప్రాముఖ్యత తెలియాలంటే ఆనాటికి మధుమేహము గురించి ఉన్న అవగాహనను తెలుసుకోవలసి ఉంటుంది. 1889లో జర్మనీలో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మెరింగ్ ఒక కుక్క నుండి క్లోమ గ్రంథిని తొలగించగా దానికి తీవ్రమైన మధుమేహము వచ్చింది. రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే పదార్థం ఏదో క్లోమంలో తయారవుతున్నదని దీనివలన తేలింది. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఆ పదార్థాన్ని వేరు చేయగలిగారు. అదే ఇన్సులిన్. అంతవరకు మరణమే శరణ్యమైన రోగులు ఇన్సులిన్ సూదిమందుతో బ్రతకసాగారు.

దీనితో మధుమేహము అంటే ఇన్సులిన్ కొరత మాత్రమే అనే అభిప్రాయం వైద్యలోకంలో బలపడింది. కాని కొన్ని విషయాలకు ఈ సిద్ధాంతం సమాధానం ఇవ్వలేకపోయింది. పీయూష గ్రంథి అతిగా పనిచేయుట వలన చేతులు, కాళ్ళు, దవడలు పెరిగిపోయే ఆక్రోమెగాలీ అనే వ్యాధి ఉన్నవారిలో మధుమేహము తరచుగా కనిపించేది. వారి క్లోమ గ్రంథికి ఏ దెబ్బా తగలలేదు. అటువంటప్పుడు చక్కెర ఎందుకు పెరుగుతున్నది అనే ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో హౌసే అగ్రగణ్యుడు.

పీయూష గ్రంథిపై పరిశోధనలు

పీయూష గ్రంథి మనిషిలో బఠాణీ గింజంత ఉంటుంది. పుర్రె అడుగుభాగంలో ఒక ఎముక గుంటలో భద్రంగా అమరి ఉన్నందున దానిని చేరుకోవడం కష్టం. దీనికి ముందు, వెనుక అని రెండు ముఖ్య భాగాలున్నాయి. వెనుక భాగం నుండి తీసిన రసం రక్తపోటును పెంచుతుందని 19వ శతాబ్దం చివరికే తెలిసింది. అందువలన తొలినాళ్ళలో శాస్త్రవేత్తల దృష్టి ఎక్కువగా దానిపైనే నిలిచింది. హౌసే ముందు భాగం వైపు దృష్టి సారించాడు.

1924లో హౌసే, ఆయన సహచరుడు మాహెంటా కలిసి పీయూష గ్రంథి తొలగించిన కుక్కలకు ఇన్సులిన్ ఇచ్చి చూశారు. మామూలు కుక్కలు సులువుగా తట్టుకొనే మోతాదుకే ఈ కుక్కలలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. అనగా ఇన్సులిన్ పనికి ఎదురు నిలిచే శక్తి ఏదో పీయూష గ్రంథిలో ఉన్నదన్నమాట. అయితే ఒక అభ్యంతరం మిగిలింది. శస్త్రచికిత్స సమయంలో గ్రంథికి పైన ఉన్న మెదడు భాగం దెబ్బతిన్నందువలన ఈ మార్పులు వస్తున్నాయేమో అన్న సందేహానికి తావు ఉన్నది.

ఈ సందేహాన్ని తీర్చడానికి హౌసేకు దక్షిణ అమెరికాలో విస్తారంగా దొరికే గోదురుకప్ప తోడ్పడింది. ఈ కప్పలు చవకగా, కావలసినన్ని లభించేవి. శస్త్రచికిత్సను బాగా తట్టుకొనేవి. నోటి పైకప్పు ద్వారా వాటి పీయూష గ్రంథిని చేరుకోవచ్చు. ఖరీదయిన పరికరాలు లేని ప్రయోగశాలకు ఇది ఎంతో అనుకూలమయినది. హౌసే, బియసోట్టి 1930లో ప్రకటించిన ప్రయోగాల సారాంశం ఇది:

క్లోమం తొలగించిన కప్పకు తీవ్రమైన మధుమేహము వస్తుంది.

క్లోమంతోపాటు పీయూష గ్రంథి ముందు భాగాన్ని కూడా తొలగిస్తే మధుమేహము చాలా స్వల్పంగా ఉంటుంది, లేదా అసలే రాదు.

రెండు గ్రంథులూ లేని కప్ప చర్మం క్రింద మరొక కప్ప పీయూష గ్రంథి ముందు భాగాన్ని అమర్చితే మధుమేహము తిరిగి తీవ్రమవుతుంది.

మూడవ ప్రయోగం అన్నిటికంటే ముఖ్యమైనది. చర్మం క్రింద పెట్టిన గ్రంథికి మెదడుతో నరాల సంబంధమేదీ ఉండదు. అయినా అది రక్తంలో చక్కెరను పెంచుతున్నది. కాబట్టి పనిచేస్తున్నది మెదడుకు తగిలిన గాయం కాదు, ఆ గ్రంథి రక్తంలోకి వదిలే హార్మోను అని స్పష్టమయినది. తరువాత కుక్కలపై జరిపిన ప్రయోగాలలోనూ ఇదే ఫలితం వచ్చింది. క్లోమం మాత్రమే తొలగించిన కుక్కలు త్వరగా క్షీణించి మరణించగా, రెండు గ్రంథులూ తొలగించిన కుక్కలు ఇన్సులిన్ లేకుండానే వాటికంటే ఎక్కువ కాలం జీవించాయి. ఈ విధంగా రెండు గ్రంథులూ తొలగించిన జంతువుకు శాస్త్ర గ్రంథాలలో హౌసే జంతువు అనే పేరు స్థిరపడింది.

1932లో హౌసే బృందం దీనికి విపర్యయమైన ప్రయోగం చేసింది. పీయూష గ్రంథి ముందు భాగం నుండి తీసిన రసాన్ని కుక్కలకు కొన్ని రోజులపాటు ఎక్కించగా, క్లోమం ఉన్నప్పటికీ వాటి రక్తంలో చక్కెర పెరిగి మధుమేహ లక్షణాలు కనిపించాయి. గ్రంథిని తీసివేస్తే చక్కెర తగ్గడం, గ్రంథి రసాన్ని ఎక్కిస్తే చక్కెర పెరగడం - ఈ రెండూ కలిసి వాదనను సంపూర్ణం చేశాయి.

హార్మోనుల సమతుల్యత

ఈ ప్రయోగాల నుండి హౌసే గ్రహించిన ముఖ్య విషయం ఏమనగా, రక్తంలోని చక్కెర ఏ ఒక్క గ్రంథి అదుపులోనూ ఉండదు. ఇన్సులిన్ చక్కెరను తగ్గిస్తే, పీయూష గ్రంథి హార్మోనులు దానిని పెంచుతాయి. కాలేయము తన వద్ద నిలువ ఉన్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. అధివృక్క గ్రంథులు, అవటు గ్రంథి (థైరాయిడ్) కూడా ఈ పనిలో పాలుపంచుకుంటాయి. ఆరోగ్యవంతునిలో ఇవన్నీ త్రాసులోని సిబ్బెల వలె సమతూకంలో ఉంటాయి. ఒక వైపు తగ్గినా, మరొక వైపు పెరిగినా వ్యాధి ఏర్పడుతుంది. మధుమేహము ఇన్సులిన్ కొరత వలననే కాక, దానిని ఎదిరించే హార్మోనుల ఆధిక్యం వలన కూడా రావచ్చును.

పీయూష గ్రంథి లేని జంతువులు ఆహారం తింటున్నంతకాలం దాదాపు మామూలుగానే ఉంటాయి. ఉపవాసం ఉంచితే మాత్రం వాటి రక్తంలో చక్కెర వేగంగా పడిపోతుంది. ఆకలి సమయంలో శరీరం మాంసకృత్తుల నుండి గ్లూకోజును తయారుచేసుకొని ప్రాణాన్ని నిలుపుకోవడానికి పీయూష గ్రంథి సహాయం అవసరమని దీనివలన తెలిసింది. కాబట్టి మధుమేహాన్ని తీవ్రం చేసే ఈ హార్మోనులు నిజానికి శరీరానికి శత్రువులు కావు, కరువు కాలంలో ఆదుకొనే రక్షకులు.

హౌసే పరిశోధనలను ఇతర దేశాల శాస్త్రవేత్తలు ముందుకు తీసుకొనిపోయారు. 1936లో అమెరికాలో లాంగ్, లూకెన్స్ అనే శాస్త్రవేత్తలు అధివృక్క గ్రంథులను తొలగించినా మధుమేహ తీవ్రత తగ్గుతుందని చూపించారు. 1937లో బ్రిటన్‌లో ఫ్రాంక్ యంగ్ పీయూష గ్రంథి రసంతో కుక్కలలో శాశ్వత మధుమేహాన్ని కలిగించగలిగాడు. పీయూష గ్రంథి స్రవించే పెరుగుదల హార్మోను నేరుగాను, అధివృక్క గ్రంథులను ప్రేరేపించే హార్మోను ఆ గ్రంథుల ద్వారాను ఇన్సులిన్ పనికి అడ్డు వస్తాయని తరువాతి కాలంలో తెలిసింది.

మధుమేహ రోగులలో పీయూష గ్రంథి ఏ కారణం చేతనైనా దెబ్బతింటే వారికి కావలసిన ఇన్సులిన్ మోతాదు ఒక్కసారిగా తగ్గిపోతుంది. దీనిని వైద్యులు హౌసే ప్రభావం అంటారు. ఇటువంటి ఒక రోగిలో మధుమేహము వలన దెబ్బతిన్న నేత్రపటలము (రెటీనా) మెరుగుపడినట్లు 1953లో పోల్సన్ అనే వైద్యుడు ప్రకటించాడు. దీని ఆధారంగా కంటిచూపు కాపాడడానికి కొందరు రోగులలో పీయూష గ్రంథిని తొలగించే చికిత్స కొంతకాలం అమలులో ఉండినది. ఈ చికిత్స వలన రోగి జీవితాంతం ఇతర హార్మోనులు వాడవలసి వచ్చేది. లేజర్ చికిత్స వచ్చిన తరువాత ఈ పద్ధతి మూలబడింది.

ఇతర పరిశోధనలు

హౌసే సంస్థలో రక్తపోటుపై జరిగిన పరిశోధనలు కూడా ప్రసిద్ధమైనవి. రక్తప్రసరణ తగ్గించిన మూత్రపిండాన్ని మరొక కుక్క మెడలోని రక్తనాళాలకు అతికిస్తే ఆ కుక్క రక్తపోటు పెరుగుతుందని హౌసే, ఆయన శిష్యుడు ఫాసియోలో చూపించారు. మూత్రపిండం నుండి రక్తపోటును పెంచే పదార్థమేదో వెలువడుతున్నదని దీనితో తేలింది. ఈ దారిలోనే ఎడ్వర్డో బ్రౌన్ మెనెండెజ్ నాయకత్వంలో ఫాసియోలో, లెలోయిర్, మున్యోజ్, టాకీని దానికి కారణమైన పదార్థాన్ని గుర్తించి హైపర్‌టెన్సిన్ అని పేరుపెట్టారు. అమెరికాలో ఇర్విన్ పేజ్ బృందం ఇంచుమించు అదే సమయంలో స్వతంత్రంగా దానిని కనుగొని యాంజియోటోనిన్ అన్నది. 1958లో ఇరువర్గాలు రాజీపడి రెండు పేర్లనూ కలిపి యాంజియోటెన్సిన్ అన్నారు. ఈ పదార్థం పనిని అడ్డుకొనే మందులు తరువాతి కాలంలో రక్తపోటు చికిత్సలో ముఖ్య స్థానం పొందాయి.

పదవి నుండి తొలగింపు

1943 జూన్ నెలలో అర్జెంటీనాలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్నది. ఆ సంవత్సరం అక్టోబరులో, దేశంలో ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరించాలని, రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ఖండపు దేశాలతో సంఘీభావం పాటించాలని కోరుతూ సుమారు 150 మంది ప్రముఖులు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. వారిలో హౌసే ఒకడు. సంతకం చేసిన ప్రభుత్వోద్యోగులను సైనిక ప్రభుత్వం పదవుల నుండి తొలగించింది. ఆ విధంగా హౌసే 24 సంవత్సరాలపాటు తీర్చిదిద్దిన సంస్థకు దూరమయ్యాడు. నిరసనగా ఆయన సహచరులు పలువురు రాజీనామా చేశారు.

విదేశీ విశ్వవిద్యాలయాల నుండి ఆహ్వానాలు వచ్చినప్పటికీ హౌసే దేశం విడిచి వెళ్ళడానికి అంగీకరించలేదు. సౌబెరాన్ ఫౌండేషన్ మొదలైన ప్రైవేటు దాతల సహాయంతో 1944 మార్చి 14న బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒక ఇంట్లో జీవశాస్త్ర, ప్రయోగాత్మక వైద్య సంస్థను ప్రారంభించాడు. నివాసపు గదులే ప్రయోగశాలలయ్యాయి. అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కూడా తోడ్పడింది. 1945లో ప్రభుత్వం ఉత్తర్వులను సడలించడంతో హౌసే తిరిగి విశ్వవిద్యాలయంలో చేరాడు. కాని హువాన్ పెరోన్ అధ్యక్షుడైన 1946లో ఆయనను మరల పంపివేశారు. పెరోన్ పతనం తరువాత, 1955లో మాత్రమే హౌసే తన పాత సంస్థలో మళ్ళీ అడుగుపెట్టగలిగాడు. అప్పటికి ఆయన వయసు 68 సంవత్సరాలు.

నోబెల్ బహుమతి

సొంత విశ్వవిద్యాలయంలో చోటులేని ఆ కాలంలోనే, 1947 అక్టోబరులో, హౌసేకు నోబెల్ బహుమతి ప్రకటించబడింది. 1936లో శాంతి బహుమతి అందుకొన్న కార్లోస్ సావెద్రా లామాస్ తరువాత నోబెల్ పొందిన రెండవ అర్జెంటీనా వాసి ఆయన. ఇంతటి గౌరవం దక్కినా ప్రభుత్వం ఆయనను ఉద్యోగంలోకి పిలువలేదు. ప్రభుత్వానికి అనుకూలమైన పత్రికలు కొన్ని ఈ బహుమతి వెనుక రాజకీయాలున్నాయని విమర్శించాయి.

బహుమతిని పంచుకొన్న కోరి దంపతులు గ్లైకోజెన్ శరీరంలో ఏ రసాయన చర్యల ద్వారా విడిపోయి, తిరిగి తయారవుతుందో కనుగొన్నారు. ఒకే జీవక్రియను వారు రసాయన చర్యల వైపు నుండి, హౌసే గ్రంథుల వైపు నుండి పరిశీలించినందున ఈ రెండు పరిశోధనలూ ఒకదానికొకటి పూరకాలు.

శిష్యులు

హౌసే శిష్యులలో అగ్రగణ్యుడు లూయీస్ ఫెడెరికో లెలోయిర్. అధివృక్క గ్రంథులకు పిండిపదార్థాల జీవక్రియకు గల సంబంధంపై హౌసే పర్యవేక్షణలో సిద్ధాంత వ్యాసం వ్రాశాడు. గురువును పదవి నుండి తొలగించిన తరువాత లెలోయిర్ అమెరికా వెళ్ళి కొంతకాలం కోరి దంపతుల ప్రయోగశాలలో పనిచేసి, తిరిగివచ్చి హౌసే కొత్త సంస్థలో చేరాడు. 1947లో హైమె కంపోమార్ అనే పారిశ్రామికవేత్త జీవరసాయన పరిశోధనకు ధనసహాయం చేయదలచినప్పుడు హౌసే ఆ బాధ్యతకు లెలోయిర్ పేరును సూచించాడు. చక్కెర న్యూక్లియోటైడులను కనుగొన్నందుకు లెలోయిర్‌కు 1970లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. శిష్యుని విజయాన్ని కళ్ళారా చూసే భాగ్యం మరణానికి ఒక సంవత్సరం ముందు హౌసేకు దక్కింది. బ్రౌన్ మెనెండెజ్, విర్జీలియో ఫోలియా, హువాన్ లూయిస్, ఆస్కార్ ఓరియాస్ ఆయన ఇతర ప్రముఖ శిష్యులు. వీరితో కలిసి హౌసే వ్రాసిన మానవ శరీరధర్మ శాస్త్ర గ్రంథం ఇంగ్లీషు మొదలైన పలు భాషలలోకి అనువదించబడి అనేక దేశాలలో పాఠ్యగ్రంథమయినది.

విజ్ఞానశాస్త్ర సంస్థల నిర్మాణము

ప్రతిభ ఉన్న యువకులు జీవనోపాధి కొరకు వేరే పనులు చేయవలసి వస్తే ఏ దేశంలోనూ విజ్ఞానశాస్త్రం వృద్ధి చెందదని హౌసే అభిప్రాయం. పూర్తికాల పరిశోధకులు, వారికి తగిన వేతనం, యువకులకు విదేశాలలో శిక్షణ, తిరిగి వచ్చినప్పుడు పని చేయడానికి ప్రయోగశాల - ఈ నాలుగింటి కొరకు ఆయన జీవితమంతా కృషి చేశాడు. 1920లో అర్జెంటీనా జీవశాస్త్ర సంఘాన్ని, 1930లలో విజ్ఞానశాస్త్రాల అభివృద్ధి సంఘాన్ని స్థాపించడంలో ప్రముఖ పాత్ర వహించాడు. 1958లో అర్జెంటీనా ప్రభుత్వం కోనిసెట్ అనే పేరుతో ప్రసిద్ధమైన జాతీయ శాస్త్ర సాంకేతిక పరిశోధనా మండలిని ఏర్పాటు చేసినప్పుడు దానికి హౌసే మొదటి అధ్యక్షుడయ్యాడు. పరిశోధనను ఒక స్థిరమైన ఉద్యోగంగా, ఉపకారవేతనాలతో, క్రమబద్ధమైన పదోన్నతులతో నిలబెట్టిన సంస్థ ఇది. మరణించేవరకు ఆయన ఆ పదవిలో కొనసాగాడు.

గౌరవాలు, మరణము

హౌసే 500లకు పైగా శాస్త్ర పత్రాలు ప్రకటించాడు. 1943లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకొన్నది. అనేక విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చి సత్కరించాయి. 1960లో బ్రిటన్‌లోని ఎండోక్రినాలజీ సొసైటీ వారి డేల్ పతకం లభించింది.

1962లో భార్య మరణించింది. హౌసే 1971 సెప్టెంబరు 21న బ్యూనస్ ఎయిర్స్‌లో తన 84వ ఏట మరణించాడు. ఆయన నివసించిన ఇల్లు తరువాత ఆయన పేరిట మ్యూజియంగా మార్చబడింది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 10ని అర్జెంటీనాలో శాస్త్ర పరిశోధకుల దినంగా జరుపుకుంటారు. పదవి కోల్పోయిన రోజులలో ఒక ఇంటిలో ఆయన ప్రారంభించిన జీవశాస్త్ర, ప్రయోగాత్మక వైద్య సంస్థ ఆయన తదనంతరం కూడా హార్మోనులపై పరిశోధనలను కొనసాగించింది.